వలస సొరకు సొంతూరు ఉంటుందా?

విజయవాడ, గుంటూరు చేపల మార్కెట్లలో మూరెడు పొడుగు సొర పిల్లలు కనబడితే బేరం ఎక్కువసేపు సాగదు. బాలింతకు పాలు పడతాయనో, ఇంట్లో సొర పుట్టు చేసుకుందామనో కొనేవాళ్ళు కొనేస్తారు. ఆ పిల్ల నిజాంపట్నంలో దిగిందా, మచిలీపట్నం గిలకలదిండిలో దిగిందా అన్నది అమ్మేవాళ్ళను అడిగితే తెలుస్తుంది. దాని తల్లి ఏ తీరానిది, ఇక్కడ సొరలు పలచబడితే మరో తీరం నుంచి వచ్చి ఆ లోటు పూడ్చేవి ఉన్నాయా అన్నది మాత్రం డీఎన్‌ఏ చదివితే తప్ప తేలదు. చదివినా తేలిగ్గా తేలదు. వలస సొరల జన్యుశాస్త్రంలో చిక్కంతా అక్కడే ఉంది.

దూరాలు ఈదడం సొరకు కొత్త కాదు. 2003 నవంబరులో దక్షిణాఫ్రికా తీరంలో ఉపగ్రహ ట్యాగు తగిలించిన ‘నికోల్’ అనే ఆడ గ్రేట్ వైట్ సొర 99 రోజుల్లో సుమారు 11,000 కిలోమీటర్లు ఈది ఆస్ట్రేలియా పశ్చిమ తీరం చేరింది. తొమ్మిది నెలలలోపే తిరిగి దక్షిణాఫ్రికా తీరంలో కనబడింది. వీపు రెక్క అంచున ఉన్న గాట్లను బట్టి అదేనని పోల్చుకున్నారు. ఇంత తిరిగే ప్రాణికి తీరానికో వంశం ఏమిటి, సముద్రమంతా ఒకటే బలగం కదా అనిపించడం సహజం. కానీ నికోల్ వెళ్ళింది, వచ్చేసింది. వెళ్ళిన చోట పిల్లల్ని కనకపోతే ఆ ప్రయాణం జన్యువుల లెక్కలో సున్నా.

కనడం ఎక్కడ అన్నదానికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం బహామాస్‌లోని బిమిని దీవుల్లో దొరికింది. అక్కడి మడ అడవుల మధ్య లోతులేని నీళ్ళలో లెమన్ సొరలు ఈనుతాయి. 1995 నుంచి ఏటా ఆ పిల్లల్ని పట్టి, ట్యాగు వేసి, రెక్క కొసన చిన్న ముక్క తీసుకుని వదిలిపెట్టారు. తల్లులు చేతికి చిక్కకపోయినా పిల్లల డీఎన్‌ఏ నుంచి తల్లి డీఎన్‌ఏ ఎలా ఉండాలో లెక్కగట్టవచ్చు. 1993–97 మధ్య పుట్టిన ఆడవాటిలో కనీసం ఆరు, 14 నుంచి 17 ఏళ్ళ తరవాత అదే బిమినికి వచ్చి ఈనాయని 2014లో ఫలితాలు వెలువడ్డాయి. తెలుగింటి ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వచ్చినట్టే. మగవాటికి ఆ పట్టింపు కనబడదు. ఎక్కడ జత దొరికితే అక్కడ కలుస్తాయి.

దీనివల్ల ఒకే సొర ఒంట్లో రెండు రకాల చరిత్రలు నమోదవుతాయి. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుంది కాబట్టి ఆడవాటి కదలికను చెబుతుంది. కణ కేంద్రకంలోని డీఎన్‌ఏ తల్లిదండ్రులిద్దరిదీ, మగవాటి తిరుగుళ్ళు కూడా అందులో ఉంటాయి. 2001లో గ్రేట్ వైట్ సొరల మీద వచ్చిన అధ్యయనం దక్షిణాఫ్రికా సొరలకూ, ఆస్ట్రేలియా–న్యూజీలాండ్ సొరలకూ మైటోకాండ్రియాలో పెద్ద తేడా చూపించింది. కేంద్రక డీఎన్‌ఏలో తేడా కనబడలేదు. ఆడవి ఇంటిపట్టున, మగవి ఊళ్ళమీద అన్న నిర్ధారణకు వచ్చారు. ఆ తరవాత చాలా సొర జాతుల మీద ఇదే మాట ఇదే తీరులో వినబడింది.

ఇక్కడ కొంచెం లెక్క చేయాలి. చేయకపోతే పొరపాటు అర్థమవుతుంది.

రెండు గుంపుల మధ్య జన్యు తేడాను ‘ఎఫ్‌ఎస్‌టీ’ అనే సంఖ్యతో కొలుస్తారు. సున్నా అంటే రెండూ ఒకటే, 1 అంటే రెంటికీ ఉమ్మడి జన్యు రకమే లేదు. జన్యు శాస్త్రవేత్త స్యూయల్ రైట్ ఇచ్చిన సరళ నమూనాలో కేంద్రక డీఎన్‌ఏకు ఈ విలువ ఇలా వస్తుంది: తరానికి ఎన్ని వలస సొరలు వచ్చి కలిసి పిల్లల్ని కంటాయో ఆ సంఖ్యను 4తో గుణించి, 1 కలిపి, దానితో 1ని భాగించాలి. తరానికి ఒక్క సొర వస్తే 0.2. పది వస్తే 1/41, అంటే సుమారు 0.024. వంద వస్తే 0.0025. మైటోకాండ్రియాకు ఇదే నమూనాలో, ఆడామగా సమానంగా ఉండి సమానంగా వలస వెళ్ళినా, 4 బదులు 1 వాడాలి. ఎందుకంటే అది ఒకే ప్రతి, అదీ ఆడవాటి ద్వారానే. అప్పుడు తరానికి పది సొరలు వస్తే 1/11, అంటే 0.09. మగవి ఎక్కువ తిరగకపోయినా, ఆడవి పుట్టింటికి రాకపోయినా, మైటోకాండ్రియాలో తేడా దాదాపు నాలుగు రెట్లు కనబడి తీరుతుంది. ‘మైటోకాండ్రియాలో తేడా ఉంది, కేంద్రకంలో లేదు, కాబట్టి ఆడవి పుట్టినచోటికే వస్తున్నాయి’ అని రాసేముందు ఈ భాగహారం చేసి, కనబడిన తేడా దాన్ని మించిందో లేదో చూపాలి. చాలా వ్యాసాల్లో ఈ మెట్టు దాటవేస్తారు.

గ్రేట్ వైట్ విషయంలోనే 2025లో ఆ దాటవేసిన మెట్టుకు తిరిగి వచ్చారు. కంప్యూటర్‌లో వేలాది తరాలు నడిపి చూస్తే, ఆడవి పుట్టినచోటికి రావడం ఒక్కటే ఆ మైటోకాండ్రియా తీరును వివరించలేకపోయింది. కేంద్రక డీఎన్‌ఏలో మాత్రం ఉత్తర పసిఫిక్, దక్షిణ పసిఫిక్–హిందూ మహాసముద్రం, ఉత్తర అట్లాంటిక్–మధ్యధరా అని మూడు గుంపులు విడివిడిగా వచ్చాయి. పాతికేళ్ళ పాటు పాఠంగా చెప్పిన ఉదాహరణ మళ్ళీ ప్రశ్నగా మారింది. సొరల జన్యుశాస్త్రంలో ఇంతకన్నా ఆరోగ్యకరమైన పరిణామం ఈమధ్య లేదనే చెప్పాలి.

రెండో చిక్కు కాలానిది. తేడా లేదంటే కలిసే ఉన్నాయని కాదు, విడిపోయి ఎక్కువ కాలం కాలేదని కూడా అర్థం. ఒక్కోటీ పదివేల సొరలున్న రెండు గుంపులు ఈరోజే పూర్తిగా విడిపోయాయనుకుందాం. వంద తరాల తరవాత వాటి మధ్య ఎఫ్‌ఎస్‌టీ 0.005 మాత్రమే. తరానికి పదేళ్ళు వేసుకున్నా అది వెయ్యేళ్ళు. పైగా సొర డీఎన్‌ఏ మారడమే నత్తనడక. మైటోకాండ్రియా మార్పుల వేగం పాలిచ్చే జంతువులతో పోలిస్తే ఏడెనిమిది రెట్లు తక్కువని 1992లోనే లెక్కగట్టారు. ఎపాలెట్ అనే చిన్న సొరలో తరానికి వచ్చే కొత్త మార్పులు ఇప్పటిదాకా కొలిచిన వెన్నెముక ప్రాణులన్నిటిలోకీ తక్కువ. నీలి సొర ప్రపంచమంతా ఒకే జనాభా అనిపించిన 2018 అధ్యయనం కూడా ఈ హెచ్చరికను తన శీర్షికలోనే పెట్టుకుంది: ఇది నిజంగా ఒకే జనాభానా, లేక విడిపోయినా జన్యువుల్లో ఇంకా కనబడని మసక దశా అని.

చేపల వేటకు సంబంధించి ఈ మసక దశే ప్రమాదకరం. పై లెక్కలో తరానికి పది సొరల వలస ఉంటే జన్యు తేడా చాలా తక్కువ. పదివేల గుంపులో పది అంటే వెయ్యికి ఒకటి. వలలు ఆ గుంపును సగానికి తెస్తే, బయటినుంచి తరానికి పది వచ్చి ఆ ఐదువేల లోటు ఎన్ని తరాలకు పూడుస్తాయి? రెండు తీరాల సంఖ్యలు ఒకదాన్నొకటి నిజంగా నిలబెట్టాలంటే వలస పది శాతం దరిదాపుల్లో ఉండాలని జనాభా నమూనాలు చెబుతాయి. వెయ్యికి ఒకటి నుంచి పదికి ఒకటి దాకా ఉన్న ఈ వంద రెట్ల తేడాను మామూలు ఎఫ్‌ఎస్‌టీ పట్టి ఇవ్వలేదు. ‘జన్యుపరంగా ఒకటే, కాబట్టి ఎక్కడ పట్టినా ఒకటే’ అన్న వాదన కూలేది ఇక్కడే.

ఇక స్థానిక అనుకూలనం సంగతి. మగవి అంతటా తిరుగుతూ జన్యువుల్ని కలిపేస్తుంటే, ఒక తీరపు నీళ్ళకు తగ్గట్టు సొరలు ఎలా మారతాయి? నియమం సులువే. ఒక జన్యు రకానికి ఆ చోట దొరికే మేలు, తరానికి బయటినుంచి వచ్చి కలిసే వలస శాతం కంటే ఎక్కువగా ఉండాలి. వలస వెయ్యికి ఒకటి, మేలు వందకు ఒకటి అయితే ఆ రకం ఆ తీరంలో నిలుస్తుంది. మేలుతో సంబంధం లేని మిగతా డీఎన్‌ఏ అంతా కలిసిపోతుంది. అంటే వేలాది చోట్ల తేడా లేకుండా, ఏ పాతిక ముప్ఫై చోట్లో తేడా ఉండటం సాధ్యమే. సగటు చూస్తే అది కనబడదు.

2015లో బానెట్‌హెడ్ సొరల మీద వచ్చిన పని ఇందుకు మంచి ఉదాహరణ. ఇవి హామర్‌హెడ్ కుటుంబంలోని చిన్నవి, తల పారలాగా ఉంటుంది. ఆడవి వేసవిలో కడుపుతో ఉండి గడిపే చోట్ల నుంచే నమూనాలు తీశారు. మెక్సికో సింధుశాఖ ఈశాన్య తీరం వెంట మైటోకాండ్రియా ఆడవి తమ చోటికే వస్తాయని చూపింది, మామూలు స్నిప్‌లు (డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడాలు) మగవి కలిపేస్తున్నాయని చూపాయి. కానీ 30 స్నిప్‌లు మాత్రం మిగతావాటి దారిలో లేవు. అందులో సగానికి పైగా అక్షాంశాన్ని బట్టి, అంటే చలి–వెచ్చదనాల వరస ప్రకారం మారుతున్నాయి. ఆడవి చోటు వదలకపోవడం వల్ల ఆ చోటికి పనికొచ్చే రకాలు వడపోతకు నిలుస్తున్నాయి, మగవి తిరగడం వల్ల కొత్త రకాలు అందుతున్నాయి. స్థిరత్వం, సరఫరా రెండూ ఒకే జాతిలో.

ఇలాంటి ‘దారి తప్పిన’ స్నిప్‌లు దొరకగానే అనుకూలనం అని రాసేయడం ఈ రంగంలో మామూలైపోయింది. 6,000 స్నిప్‌లను ఒక శాతం గీత (కాకతాళీయంగా వందకు ఒకటి దాటే హద్దు) పెట్టి పరీక్షిస్తే, ప్రకృతి వరణం ఏమీ లేకపోయినా 60 స్నిప్‌లు గీత దాటతాయి. అందుకే తప్పుడు హెచ్చరికల శాతాన్ని సరిదిద్దాలి, రెండు మూడు వేర్వేరు పద్ధతుల్లోనూ పడ్డవాటినే ఉంచాలి. లింగం మరో ఉచ్చు. సొరల్లోనూ లింగ క్రోమోజోములుంటాయి. ఒక రేవు నుంచి ఎక్కువ ఆడవి, ఇంకో రేవు నుంచి ఎక్కువ మగవి నమూనాలో చేరితే, ఆ క్రోమోజోము మీది స్నిప్‌లన్నీ అనుకూలనంలాగే వేషం వేస్తాయి. ప్రతి పిల్లకూ లింగం రాసుకుంటే చాలు. మగపిల్లకు కటి రెక్కల లోపలి అంచున రెండు చిన్న పుల్లల్లాంటివి ఉంటాయి, చూపుకే తెలుస్తుంది. ఇంత తేలికైన కాలమ్ పట్టికలో లేని అధ్యయనాన్ని అనుమానించడం తప్పు కాదు.

అనుకూలనమని ఖాయంగా చెప్పాలంటే రెండు తీరాల పిల్లల్ని ఒకే నీళ్ళలో పెంచి చూడాలి. వేల కిలోమీటర్లు తిరిగే సొరతో అది అయ్యే పని కాదు. గుడ్లు పెట్టే వెదురు సొరల్లాంటి చిన్నవాటితో తొట్టెల్లో కుదురుతుంది కానీ అవి వలస వెళ్ళేవి కావు. కాబట్టి వలస సొరల విషయంలో ‘అనుకూలనానికి గట్టి సూచన’ అన్నంతవరకే నిజాయితీగా వెళ్ళగలం.

మన వైపు అలాంటి సూచన ఎక్కడ వెతకాలి? బంగాళాఖాతం ఉప్పదనంలో వెతకాలి. గంగ, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీళ్ళ వల్ల బంగాళాఖాతం పైనీరు అరేబియా సముద్రం కన్నా ఉప్పదనంలో బాగా తక్కువ. సొర తన రక్తంలో యూరియా నిలవ ఉంచుకుని సముద్రంతో సమతూకం పాటిస్తుంది, మిగులు ఉప్పును పేగు చివరి గ్రంథి ద్వారా బయటికి పంపుతుంది. ఉప్పదనం పడిపోతే ఈ ఏర్పాటంతా సర్దుకోవాలి. అందుకని వెతికే జాబితాలో యూరియా తయారీ, ఉప్పు పంపింగ్ జన్యువులు ముందుండటం న్యాయమే. ఇది ఊహ, ఫలితం కాదు. ఊహను పరీక్షించడానికి కృష్ణ సంగమం మంచి చోటు. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తితే ఆ నీళ్ళు హంసలదీవి వైపు సముద్రంలో కలుస్తాయి. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వదిలిన బ్యారేజీ నుంచే, కరువు ఏడాదిలో సముద్రానికి పోయేది చాలా తక్కువ. అంటే తీరం దగ్గర పుట్టిన పిల్లలకు ఏడాదికో రకం నీళ్ళు. ఒక్క వరద ఏడాది నమూనాలే తీస్తే కనబడిన రకాలు తీరానివో, ఆ ఏడాదివో చెప్పలేం. కనీసం మూడు నాలుగేళ్ళ పిల్లలు కావాలి.

నమూనా అనగానే రేవుకెళ్ళి దొరికిన సొరలన్నిటి నుంచీ ముక్కలు తెచ్చే అలవాటుంది. అది పనికిరాదు. పెద్ద సొరలు మేత కోసం కలిసి తిరుగుతాయి. రేవులో పడినవి నాలుగు తీరాలవి కావచ్చు, వాటిని ‘నిజాంపట్నం గుంపు’ అని పేరు పెడితే ఉన్న తేడా కూడా మాసిపోతుంది. కావలసింది ఆ ఏడు పుట్టిన పసికూనలు. గుర్తు పట్టడం కష్టం కాదు. పొట్టవైపు, రొమ్ము రెక్కల మధ్య, బొడ్డు మచ్చ తెరుచుకునే ఉంటుంది. కొన్ని వారాల్లో పూడి సన్నని గీతవుతుంది. తెరిచి ఉందా, సగం పూడిందా, గీతగా మారిందా అన్నది రాసుకోవాలి. అలాగే రేవు పేరు చాలదు. బోట్లు రోజుల తరబడి తీరం వెంట తిరిగి వేరే రేవులో దిగుతాయి. సరంగును అడిగి ఎన్ని బారల లోతులో, ఏ దిక్కున, ఏ వలతో పట్టారో నమోదు చేయాలి.

పసికూనలతో వచ్చే తలనొప్పి తోబుట్టువులు. హామర్‌హెడ్‌లలో స్కాలప్డ్ రకం ఒక ఈతలో పాతిక ముప్ఫై పిల్లల్ని కూడా పెడుతుంది. ఒకే వలలో ఒకే తల్లి పిల్లలు పది పడితే, ఆ రేవు నమూనా మొత్తం ఒక కుటుంబం వైపు వాలి, లేని తేడా పుడుతుంది. డీఎన్‌ఏ చదివాక చుట్టరికం లెక్కగట్టి కుటుంబానికి ఒకదాన్నే ఉంచాలి. అలా ఏరేశాక చోటుకు, ఏడాదికి 30 నుంచి 50 మిగిలేలా మొదటే ఎక్కువ తీసుకోవాలి. జాతి నిర్ధారణ ఇంకా ముందు జరగాలి. పాల సొర, గ్రే షార్ప్‌నోస్ సొర పిల్లలు పక్కపక్కన పెడితే అలవాటున్నవాళ్ళు కూడా తడబడతారు. రెండు జాతులు ఒకే పేరుతో కలిస్తే వచ్చే ఎఫ్‌ఎస్‌టీ చూసి సంబరపడటం, తరవాత నాలిక కరుచుకోవడం జరిగేదే. సుమారు 650 అక్షరాల మైటోకాండ్రియా బార్‌కోడ్‌తో ప్రతి నమూనానూ ముందే తేల్చుకోవాలి.

ముక్క తీయడం చిన్న పనే, చెడగొట్టడం ఇంకా చిన్న పని. రెక్క కొస నుంచి వేలిగోరంత ముక్క చాలు. బ్లేడును ప్రతి చేపకూ తుడిచి శుభ్రం చేయాలి. ముక్కకు ఐదు నుంచి పది రెట్లు 95 శాతం ఇథనాల్ పోసి, మర్నాడు ఒకసారి మార్చాలి, మొదటి ఇథనాల్‌ను ముక్కలోని నీరు పలచన చేస్తుంది కాబట్టి. ఫార్మలిన్ వాడితే డీఎన్‌ఏ పాడవుతుంది. చీటీ మీద పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా ఇథనాల్‌లో కరిగి ఊరూ పేరూ లేని ముక్కలు మిగులుతాయి. సొర కండలోని యూరియా చచ్చాక అమ్మోనియాగా మారుతుంది. ఘాటు వాసన వచ్చిందంటే కుళ్ళు మొదలైనట్టే, ఆ ముక్క మీద డబ్బు పెట్టడం దండగ. మే నెల గుంటూరు ఎండలో మూత వదులైన సీసా రెండు మూడు రోజుల్లోనే ఎండిపోగలదు.

ల్యాబులో, ఎంజైములతో డీఎన్‌ఏను నిర్ణీత చోట్ల కత్తిరించి చదివే పద్ధతికి పొడుగాటి డీఎన్‌ఏ కావాలి. డీఎన్‌ఏ ముక్కలను పొడుగును బట్టి విడదీసే జెల్ మీద, పైన గట్టి గీత కనబడితే సరే. కిందిదాకా పొగలా జారితే ఆ నమూనా ఆపేయాలి, లేకపోతే కొన్ని రకాలు చదవకుండా పోయి, రెండు రకాలున్న సొర ఒకే రకంలా లెక్కలోకి వస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు వేరు: నిజాంపట్నం నమూనాలన్నీ ఒక విడతలో, గుజరాత్‌లోని వెరావల్ నమూనాలన్నీ మరో విడతలో యంత్రమెక్కించడం. విడతల మధ్య తేడా అచ్చం సముద్రాల మధ్య తేడాలాగే కనబడుతుంది. ప్రతి విడతలోనూ అన్ని చోట్లవీ కలపాలి, పదింట ఒకటి రెండుసార్లు చదివి సరిచూడాలి.

అనుమతుల సంగతి ముందే చూసుకోవాలి. తిమింగల సొర 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, చచ్చి ఒడ్డుకొచ్చినా అటవీ శాఖ అనుమతి లేకుండా ముక్క కోయకూడదు. స్కాలప్డ్ హామర్‌హెడ్‌ను 2013లో, పాల సొర, నీలి సొర వంటివి చేరే రిక్వియెమ్ సొరల కుటుంబం మొత్తాన్ని 2022లో, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చడానికి తీర్మానించారు. వాటి కణజాలం దేశం దాటాలంటే ఆ కాగితాలతో పాటు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ అనుమతీ కావాలి.

ఇదంతా సక్రమంగా జరిగితే కృష్ణా తీరం మీద మూడు రకాల జవాబుల్లో ఒకటి రావచ్చు. కేంద్రకంలోనూ మైటోకాండ్రియాలోనూ తేడా ఉంటే ఇది వేరే జనాభా, వేట లెక్కలు విడిగా వేయాలి. మైటోకాండ్రియాలో మాత్రమే, పై భాగహారాన్ని మించిన తేడా ఉంటే, కాపాడవలసింది ఈ తీరానికి వచ్చి ఈనే ఆడవాటిని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధం వాటి ఈత కాలంతో కలుస్తోందో లేదో అప్పుడు జాతివారీగా చూడాలి, కలవకపోతే ఏటిమొగల దగ్గర పసికూనలు పడే చిన్నకంటి వలల మీద వేరే నెలల్లో ఆంక్ష పెట్టాలి. మూడోది, ఎక్కడా తేడా లేకపోవడం. అప్పుడు చేయగలిగింది చుట్టరికాల లెక్క: పిల్లల్లో సవతి తోబుట్టువుల జతలు ఎంత తరచుగా దొరుకుతున్నాయో చూస్తే ఈనే తల్లులు సుమారు ఎందరో అంచనా వస్తుంది. ఒక తీరంలో పుట్టిన పిల్లకు సవతి తోబుట్టువు ఇంకో తీరంలో దొరికితే ఆ రెండిటి మధ్య రాకపోకలు ఈ తరంలోనే జరిగాయని తెలుస్తుంది. ఒక్క ఎఫ్‌ఎస్‌టీ సంఖ్యే చేతిలో ఉంటే మత్స్యశాఖకు అది దేనికీ అక్కరకు రాదు. ఈ చుట్టరికాల పట్టిక మాత్రం వస్తుంది.